పిల్లలు నాలుగేళ్లకు వెళ్లిపోతారు, ఇల్లు ఉండిపోతుంది: అమెరికా ఫ్రాటర్నిటీల్లో పాత సభ్యుల పట్టు

సంక్షిప్తంగా: అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే ఫ్రాటర్నిటీలు (అబ్బాయిలవి), సొరారిటీలు (అమ్మాయిలవి) చూడటానికి విద్యార్థి సంఘాలే. కానీ చాలాచోట్ల భవనం, డబ్బు, పాత జ్ఞాపకాలు మూడూ చదువు ముగించి వెళ్లిన సభ్యుల చేతిలో ఉంటాయి. సంఘం తరాల పాటు నిలబడేది ఆ బంధం వల్లే. ఉద్యోగాలకు దారి చూపేది, కొన్నిసార్లు పాత దురలవాట్లను పోనివ్వకుండా పట్టి ఉంచేది కూడా అదే. 2024 చివర్లో వచ్చిన ఫెడరల్ చట్టం ఈ వ్యవస్థలో కొంత భాగాన్ని మాత్రమే తాకుతోంది.

2021 నుంచి ప్రతి ఆగస్టులోనూ అలబామా యూనివర్సిటీ అమ్మాయిల వీడియోలు సోషల్ మీడియాను ముంచెత్తుతున్నాయి. ఆ రోజు ఏ డ్రెస్ వేసుకున్నారు, ఏ గొలుసు పెట్టుకున్నారు, ఏ ఇంటికి వెళ్తున్నారు అన్నదే వాటిలో విషయం. టిక్‌టాక్ మన దేశంలో లేకపోయినా రీల్స్ రూపంలో ఇక్కడిదాకా వచ్చాయి. సొరారిటీల్లో కొత్త సభ్యుల ఎంపికకు జరిగే ఈ హడావిడిని 'రష్' అంటారు. ఎంపికైతే అందే ఆహ్వానం పేరు 'బిడ్'. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు ఇంట్లో 'అమ్మా, బిడ్ వచ్చింది' అని కూతురు ఫోన్ చేస్తే, అదేదో టెండర్ సంగతి అనుకునే అవకాశం బాగానే ఉంది.

ఇక్కడి నుంచి ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లకు ఈ సంఘాలు పెద్దగా తగలవు. ఇవి ప్రధానంగా డిగ్రీ విద్యార్థులవి. అందుకే అమెరికాలో చదివి అక్కడే ఉద్యోగం చేస్తున్న తల్లిదండ్రులకు కూడా పిల్లలు కాలేజీలో చేరేదాకా వీటి సంగతి తెలియదు. తెలిశాక వచ్చే మొదటి అనుమానం సహజమైనదే. ఇది హాస్టలా, క్లబ్బా, ర్యాగింగ్ ముఠానా, లేక ఒకరకం కులసంఘమా? నాలుగింటి పోలికలూ కొంత కొంత ఉన్నాయి. దేని పాలు ఎంతో తేలాలంటే ముందు ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో, లోపలి సంప్రదాయం ఎవరి నుంచి ఎవరికి అందుతోందో చూడాలి.

ఏటా నాలుగో వంతు ఖాళీ

మామూలు సంఘంలో సభ్యులు పదేళ్లు, ఇరవై ఏళ్లు ఉంటారు. ఫ్రాటర్నిటీ శాఖకు, అంటే 'చాప్టర్'కు, ఆ సౌకర్యం లేదు. ఏటా మే నెలలో ఇంచుమించు నాలుగో వంతు సభ్యులు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు. నాలుగేళ్లు తిరిగేసరికి పాత ముఖం ఒక్కటీ మిగలదు. అధ్యక్షుడికి ఇరవై ఏళ్లు, కోశాధికారికి ఇరవై ఏళ్లు, ఏడాది కాగానే ఇద్దరూ దిగిపోతారు. అయినా నూట యాభై ఏళ్లు దాటిన చాప్టర్లు అమెరికాలో చాలా ఉన్నాయి.

కిటుకు సభ్యత్వ నియమంలో ఉంది. దీక్ష తీసుకున్నవాడు జీవితాంతం సభ్యుడే. చదువుకుంటున్నంత కాలం 'యాక్టివ్', ఆ తర్వాత 'అలుమ్నై'. అంతే తప్ప మాజీ అనే మాట వాళ్ల వాడుకలో లేదు. చనిపోయినవాళ్లను సైతం కొన్ని సంఘాలు 'ఒమేగా చాప్టర్'లో చేరారని అంటాయి, జాబితాలో నుంచి తీసెయ్యవు.

మన దగ్గర పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు తెలియనివి కావు. పదో తరగతి 1994-95 బ్యాచ్ వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, ఓ ఆదివారం కలుసుకుని, గురువులకు శాలువాలు కప్పి, బడికి మంచినీళ్ల ప్లాంటో బెంచీలో ఇచ్చి వెళ్తుంది. అది ఒకే ఏడాది చదువుకున్నవాళ్ల బంధం, అడ్డంగా సాగుతుంది. ఆ బ్యాచ్‌కి ఇప్పుడు అదే బడిలో పదో తరగతి చదువుతున్న పిల్లలెవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఫ్రాటర్నిటీ బంధం నిలువుగా సాగుతుంది. 1975లో చదివినవాడికి, ఇప్పుడు అదే గదిలో పడుకుంటున్న పందొమ్మిదేళ్ల కుర్రాడు 'బ్రదర్' అవుతాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఉండరు, కానీ ఒకే ప్రమాణం చేశారు, ఒకే రహస్య కరచాలనం నేర్చుకున్నారు.

1776 నాటి ఐదుగురు

ఈ పద్ధతి అమెరికా దేశమంత పాతది. 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఐదుగురు విద్యార్థులు ఫై బీటా కప్పా పేరుతో సంఘం పెట్టుకున్నారు. గ్రీకు నినాదం, ప్రమాణం, పతకం, రహస్య కరచాలనం అన్నీ దానికి ఉండేవి. తర్వాతి కాలంలో అది రహస్యాలు వదిలేసి, బాగా చదివేవాళ్లను గౌరవించే సంస్థగా మారిపోయింది. దాని లక్షణాలను మాత్రం వేరేవాళ్లు అందుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో ఉన్న యూనియన్ కాలేజీలో 1825లో కప్పా ఆల్ఫా సొసైటీ, 1827లో సిగ్మా ఫై, డెల్టా ఫై పుట్టాయి.

అప్పటికి ఇవి ఒక్కో కాలేజీకి పరిమితమైన మిత్రబృందాలే. 1831లో సిగ్మా ఫై హామిల్టన్ కాలేజీలో తన రెండో శాఖ తెరిచింది. ఫ్రాటర్నిటీలు ఊరూరా పాకడం అక్కడ మొదలైంది. ఒహాయోలోని మయామీ యూనివర్సిటీ (ఫ్లోరిడాలోని మయామీకీ దీనికీ సంబంధం లేదు) 1839లో బీటా థీటా పై, 1848లో ఫై డెల్టా థీటా, 1855లో సిగ్మా కై సంఘాలకు పుట్టిల్లయింది. దక్షిణాన అలబామాలో 1856లో సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ వచ్చింది. 1870లో ఆడపిల్లల కోసం కప్పా ఆల్ఫా థీటా మొదలైంది. 'సొరారిటీ' అనే మాట అప్పటికి లేదు. 1882లో సిరక్యూస్‌లో లాటిన్ పంతులు ఒకాయన గామా ఫై బీటా సభ్యులకు ఆ పదం సూచించారు.

ఈ సంఘాలకు ఇళ్లు ఎందుకు వచ్చాయన్నది అసలు మలుపు. పందొమ్మిదో శతాబ్దం నడిమికి చాలా అమెరికా కాలేజీలు విద్యార్థులకు వసతి చూపే పనిని తమ నెత్తి నుంచి దించుకోవాలనుకున్నాయి. 1850ల్లో మిషిగన్ యూనివర్సిటీ అధ్యక్షుడు హెన్రీ టాపన్ జర్మన్ విశ్వవిద్యాలయాల పద్ధతి నచ్చి, హాస్టల్ గదులను క్లాసు గదులుగా మార్పించారు. కార్నెల్ మొదటి అధ్యక్షుడు ఆండ్రూ వైట్ తాను కూడా ఫ్రాటర్నిటీ సభ్యుడే. సంఘాలు సొంత ఇళ్లు కట్టుకుంటే విద్యార్థులకు బాధ్యత తెలుస్తుందని ఆయన వాదించారు. విద్యార్థుల దగ్గర ఇల్లు కట్టే డబ్బు ఉండదు. స్థిరపడిన పాత సభ్యుల దగ్గర ఉంటుంది. దానితో పెత్తనంలో కొంత భాగం వాళ్ల వైపు జరిగింది.

గోడ మీద కోడిగుడ్డు ఆకారపు ఫొటోలు

పాత చాప్టర్ ఇంట్లోకి అడుగుపెడితే ముందు కనిపించేది గోడ. హాల్లో, మెట్ల పక్కన, భోజనాల గదిలో వరసగా పెద్ద పెద్ద ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో ఒక ఏడాది సభ్యులందరూ కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించిన చిన్న ఫొటోల్లో ఉంటారు. అందరికీ ఒకే రకం కోటు, ఒకే రకం టై. మధ్యలో పైన పదవుల్లో ఉన్నవాళ్లు, కింద చాప్టర్ పేరు, సంవత్సరం. వీటిని 'కాంపొజిట్' అంటారు. 1950ల ఫ్రేముల్లో అన్నీ తెల్ల ముఖాలే, దగ్గరగా కత్తిరించిన జుట్టు. 1970ల్లోకి వచ్చేసరికి జుట్టు చెవులు దాటుతుంది, తలకాయల సంఖ్య తగ్గుతుంది. వియత్నాం యుద్ధం రోజుల్లో ఇలాంటి సంఘాలంటే కుర్రకారుకు మొహం మొత్తింది. 1980ల్లో మళ్లీ ఫ్రేము నిండుతుంది. చరిత్ర పుస్తకం తెరవకుండానే ఓ అరగంటలో వందేళ్ల లెక్క కళ్లకు కడుతుంది.

గోడ తర్వాత రిజిస్టరు. చేరిన ప్రతి ఒక్కరికీ వరస సంఖ్య ఇవ్వడం చాలా సంఘాల్లో ఆనవాయితీ. ఫై డెల్టా థీటాలో కొత్తవాళ్లు 'బాండ్' అనే పత్రం మీద, తమ కంటే ముందువాళ్ల సంతకాల కింద, సంతకం చేస్తారు. చాప్టర్ల పేర్లకూ ఒక వరస ఉంటుంది. మొదటిది ఆల్ఫా, తర్వాత బీటా, గామా... అక్షరాలు అయిపోతే రెండేసి కలుపుతారు. కొన్ని సంఘాలు 'ఒహాయో ఆల్ఫా', 'టెక్సస్ బీటా' అని రాష్ట్రం పేరు తగిలిస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత తెరిచారో చాలాసార్లు పేరు వింటేనే అర్థమవుతుంది.

ఇవన్నీ కాక ప్రతి కొత్త కుర్రాడికీ పై తరగతిలో ఒక 'బిగ్ బ్రదర్'ను చూపిస్తారు. ఆ అన్నకు ఇంకో అన్న, ఆయనకు మరో అన్న. అలా నాయన, తాత, ముత్తాత లెక్కన వంశవృక్షం గీసుకుంటారు. చాప్టర్‌లో 'హిస్టారియన్' అనే పదవి కూడా ఉంటుంది. పేరు గొప్పదే గానీ, చాలాచోట్ల ఆ పని ఫొటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టడం దగ్గర ఆగిపోతుంది. అసలు చరిత్రకారులు పాత సభ్యులే. అక్టోబరులో ఫుట్‌బాల్ మ్యాచ్ నాడు జరిగే 'హోమ్‌కమింగ్'కు వాళ్లు పెళ్లాం పిల్లలతో దిగుతారు. పచ్చిక మీద గ్రిల్ పొగ, చొక్కాకి తగిలించిన పేరు చీటీ మీద పట్టా పుచ్చుకున్న సంవత్సరం. అరవై ఏళ్లాయన తిన్నగా తన కాంపొజిట్ దగ్గరికి వెళ్లి, తన ఫొటో చూసుకుని, రెండో అంతస్తులో ఫలానా గదిలో ఇప్పుడు ఎవరున్నారని అడుగుతాడు. ఆ గదిలో ఉంటున్న కుర్రాడు వచ్చి చెయ్యి కలుపుతాడు. ఇంటర్న్‌షిప్ మాట చాలాసార్లు ఆ పక్క నిమిషంలోనే వస్తుంది.

పత్రాల్లో ఇంటి యజమాని ఎవరు

ఇంటి లెక్క ఇలా ఉంటుంది. చాలా చాప్టర్ల భవనం చాప్టర్‌ది కాదు, చాప్టర్లన్నిటికీ పైన ఉండే జాతీయ సంస్థది కూడా కాదు. పాత సభ్యులు కలిసి రిజిస్టరు చేయించుకున్న లాభాపేక్ష లేని కంపెనీది. దాన్ని 'హౌస్ కార్పొరేషన్' అంటారు. విద్యార్థులు దానికి అద్దెదార్లు. మంచానికి ఇంత అని అద్దె, బయట ఉండే సభ్యులు కూడా హాలు వాడుకున్నందుకు కొంత రుసుము కడతారు. ఆ వచ్చిన దానితోనే బ్యాంకు వాయిదా, పైకప్పు మరమ్మతు, ఇన్సూరెన్స్, వంటవాళ్ల జీతం నడవాలి.

ఇందులో ఒక ఇరుకు ఉంది. మంచాలు ఖాళీగా ఉంటే వాయిదా కట్టలేరు. కాబట్టి ఏటా ఇల్లు నిండాలి, కాబట్టి ఏటా కొత్తవాళ్లు చాలామంది చేరాలి. సందడి తగ్గితే చేరేవాళ్లు తగ్గుతారన్న భయం కుర్రాళ్లకు ఉంటుంది. అద్దె ఆగుతుందన్న భయం పెద్దలకు ఉంటుంది. పార్టీల విషయంలో పెద్దలు కళ్లు మూసుకున్నారని వచ్చే ఆరోపణల వెనక ఈ లెక్క కూడా ఉంది.

పన్ను నియమం మరో ముడి. చాప్టర్ ఇంటికి ఇచ్చే విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. అదే సంఘం నడిపే విద్యా ఫౌండేషన్‌కి ఇస్తే వస్తుంది. అందుకని విరాళాలు ఎక్కువగా స్కాలర్‌షిప్‌లు, శిక్షణ శిబిరాలు, ఇంట్లో చదువుకునే గది వంటి పద్దుల కింద వెళ్తాయి. ఈ తేడా ఎత్తేయాలని అమెరికా కాంగ్రెస్‌లో ఏళ్ల తరబడి బిల్లులు పెడుతూనే ఉన్నారు.

కాలేజీకీ సంఘానికీ గొడవ వస్తే ఇంటి హక్కు బయటపడుతుంది. విలియమ్స్ కాలేజీ 1962లో, ఆమ్‌హర్స్ట్ 1984లో, బౌడిన్ 1997లో ఫ్రాటర్నిటీలను వదిలించుకోవాలని నిర్ణయించాయి. చిన్న ఊళ్లలోని చిన్న కాలేజీలు కాబట్టి విద్యార్థులకు వేరే వసతి చూపించగలిగాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్గేట్ ఇంకో దారి పట్టింది. సంఘాలు ఉండొచ్చు, ఇళ్లు మాత్రం యూనివర్సిటీకి అమ్మాలని 2003లో షరతు పెట్టింది. డెల్టా కప్పా ఎప్సిలాన్ పాత సభ్యులు అమ్మం అన్నారు, కోర్టుకెక్కారు, ఓడిపోయారు. గుర్తింపు పోయింది.

డార్ట్‌మత్‌ వ్యవహారం ఇంకా చిత్రం. అక్కడి ఆల్ఫా డెల్టా సంఘంలో కొత్తవాళ్ల ఒంటి మీద వాతలు పెట్టిన సంగతి బయటపడి 2015లో కాలేజీ గుర్తింపు రద్దు చేసింది. ఇల్లు పాత సభ్యుల కార్పొరేషన్‌ది. సొంత ఇంట్లో కుర్రాళ్లను ఉంచుకుంటే కాలేజీకేంటని వాళ్ల వాదన. అయితే ఆ ప్రాంతంలో విద్యార్థుల వసతి నడపాలంటే కాలేజీతో సంబంధం ఉండాలని హానోవర్ పట్టణ జోనింగ్ నిబంధన చెబుతోంది. 2017లో న్యూహాంప్‌షైర్ సుప్రీంకోర్టు పట్టణం వైపే నిలిచింది. ఇల్లు ఉంది, అందులో సభ్యులు నివాసం ఉండటానికి లేదు.

అన్ని ఊళ్లలోనూ అలాంటి నిబంధన లేదు. కొలరాడోలోని బౌల్డర్‌లో ఫ్రాటర్నిటీలు 2005 నుంచి యూనివర్సిటీ గుర్తింపు లేకుండానే నడుస్తున్నాయి. అంతకుముందు ఏడాది ఒక కొత్త సభ్యుడు మద్యం ఎక్కువై చనిపోయాడు. దాంతో యూనివర్సిటీ పెట్టిన షరతులు నచ్చక సంఘాలు విడిపోయాయి. 2021లో డ్యూక్‌లో, 2022లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో కొన్ని సంఘాలు అదే బాట పట్టాయి. క్యాంపస్ బయట సొంత ఇల్లు, వెనక పాత సభ్యుల డబ్బు ఉంటే, యూనివర్సిటీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధమైన గుర్తింపు రద్దు అంతగా పనిచేయదు.

ఉద్యోగం సంగతి

ఈ సంఘాల్లో చేరితే జీవితంలో పైకి వస్తారన్న ప్రచారంలో నిజమెంత? జెరాల్డ్ ఫోర్డ్, బుష్ తండ్రీకొడుకులు డెల్టా కప్పా ఎప్సిలాన్ వాళ్లు. రీగన్ తౌ కప్పా ఎప్సిలాన్. ఇలాంటి జాబితాలు ప్రతి సంఘం దగ్గరా ఉంటాయి. వాటితో ఏమీ రుజువు కాదు. డబ్బున్న ఇళ్ల పిల్లలు ముందు నుంచీ ఎక్కువగా చేరే చోట, తర్వాత పెద్ద పదవుల్లోకి వెళ్లినవాళ్లు ఎక్కువగా కనిపించడంలో వింతేముంది.

2018లో వెలువడిన ఒక అధ్యయనం ఈ చిక్కును విప్పే ప్రయత్నం చేసింది. యూనియన్ కాలేజీ ఆర్థికవేత్తలు ఈశాన్య అమెరికాలోని ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల సర్వే ఆధారంగా లెక్క కట్టారు. ఫ్రాటర్నిటీలో చేరినవాళ్ల గ్రేడ్ పాయింట్ సగటు సుమారు 0.25 తగ్గింది, తర్వాతి ఆదాయం మాత్రం సుమారు 36 శాతం పెరిగింది. మార్కులు తగ్గినా జీతం పెరిగిందంటే పనిచేసింది పరిచయాలేనని వాళ్ల అంచనా. ఇది ఒక్క కాలేజీ లెక్కని, మగవాళ్ల లెక్కని మరిచిపోకూడదు. అన్ని చోట్లకూ దీన్ని అంటగట్టలేం.

పరిచయం పనిచేసే తీరు మనకు కొత్తది కాదు. 'మా కాలేజీ కుర్రాడే, చూడండి సార్' అనే మాట ఇక్కడా నడుస్తుంది. అక్కడ తేడా ఏమిటంటే ఆ మాట అనడానికి ముందే గుర్తులన్నీ అమర్చి ఉంటాయి. రెజ్యూమెలో మూడు గ్రీకు అక్షరాలు కనబడితే చాలు.

'లెగసీ' పద్ధతి దీనికి తోబుట్టువు. సభ్యుల పిల్లలకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఎంపికలో కాస్త మొగ్గు చూపడం దశాబ్దాలుగా ఉంది. తాతల కాలంలో నల్లజాతివాళ్లను రానివ్వని సంఘంలో వారసులకు మొగ్గు అంటే ఆ పాత వివక్షకే వారసత్వం ఇచ్చినట్లని విమర్శ బలపడి, 2020, 2021ల్లో పలు సొరారిటీలు ఆ నియమాన్ని వదిలేశాయి.

పాటతో పాటు వచ్చే మురికి

తరాల మధ్య బంధం మంచిని మాత్రమే మోసుకురాదు. 2015 మార్చిలో ఓక్లహామా యూనివర్సిటీ సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ కుర్రాళ్లు బస్సులో జాతివివక్ష నిండిన పాట పాడుతున్న వీడియో బయటికొచ్చింది. ఒకటి రెండు రోజుల్లోనే చాప్టర్ మూతపడింది, కుర్రాళ్లు సామాను సర్దుకుని ఇల్లు ఖాళీ చేశారు, ఇద్దరిని యూనివర్సిటీ బహిష్కరించింది. తర్వాత జరిగిన విచారణలో తేలిన విషయం మరీ ముఖ్యం. ఆ పాటను ఈ చాప్టర్ సభ్యులు నాలుగేళ్ల ముందు, జాతీయ సంస్థ నిర్వహించిన నాయకత్వ శిక్షణ విహారంలో నేర్చుకున్నారని యూనివర్సిటీ చెప్పింది. నేర్చుకొచ్చినవాళ్లు పట్టాలు పుచ్చుకుని వెళ్లే వేళకు పాట కొత్తవాళ్ల నోటికి వచ్చేసింది. కాగితం మీద ఎక్కడా లేదు. చాప్టర్ జ్ఞాపకశక్తి పనిచేసే తీరే అంత.

అలబామాలో 2013లో దీనికి వ్యతిరేక దిశ కనిపించింది. చదువుల్లో ముందున్న ఒక నల్లజాతి అమ్మాయిని తీసుకోవాలని సొరారిటీ విద్యార్థినులు అనుకుంటే, పాత సభ్యులు అడ్డుపడ్డారని ఆ యూనివర్సిటీ విద్యార్థి పత్రిక రాసింది. పేర్లు పెట్టి మాట్లాడిన అమ్మాయిలు కూడా ఉన్నారు. గొడవ దేశమంతా పాకడంతో యూనివర్సిటీ ఎంపికను మళ్లీ తెరిపించింది, నల్లజాతి అమ్మాయిలకు బిడ్లు అందాయి. అంతకుముందు 1948లో ఆమ్‌హర్స్ట్‌లో ఫై కప్పా సై కుర్రాళ్లు నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంటే జాతీయ సంస్థ ఆ చాప్టర్‌నే తొలగించింది. పిల్లలు ముందుకు, పెద్దలు వెనక్కి లాగిన సందర్భాలు ఈ చరిత్రలో ఇవి మాత్రమే కాదు.

ఇక హేజింగ్. మన ర్యాగింగ్‌కు దగ్గరిదే గానీ ఒకటి కాదు. ర్యాగింగ్ కాలేజీలో చేరిన ప్రతి జూనియర్ మీదా పడుతుంది, ఎవరూ కోరుకోరు. హేజింగ్ సంఘంలోకి రావడానికి కట్టే వెల. కోరి వచ్చినవాడు కాబట్టి ఫిర్యాదు చెయ్యడు, తట్టుకుని లోపలికొచ్చాక మరుసటేడు తనే చేస్తాడు. 'మా రోజుల్లో ఇంతకంటే ఘోరంగా ఉండేది' అని హోమ్‌కమింగ్‌లో నవ్వుతూ చెప్పే పెద్దాయన మాట ఆ గొలుసులో ఒక లింకే. ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది, 2009లో యూజీసీ నిబంధనలొచ్చాయి. అమెరికాలో మాత్రం చాలాకాలం ఇది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకునే వ్యవహారంగానే ఉండిపోయింది.

2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీ బీటా థీటా పై ఇంట్లో పందొమ్మిదేళ్ల కొత్త సభ్యుడు మద్యం తాగించాక మెట్ల మీద నుంచి పడి, సకాలంలో వైద్యం అందక చనిపోయాడు. ఆ ఇంట్లో మద్యం నిషేధం, కాగితాల మీద. ఒక పెద్దవయసు సలహాదారు అక్కడే కాపురం ఉండేవారు. కెమెరాలు కూడా ఉన్నాయి, ఆ రాత్రి జరిగినదాంట్లో చాలా భాగం వాటిలోనే దొరికింది. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా హేజింగ్ చట్టాన్ని కఠినం చేసింది. పెద్దల నీడ ఉంటే పిల్లలు అదుపులో ఉంటారన్న వాదనకు ఆ ఇల్లు గట్టి దెబ్బ కొట్టింది.

జాతీయ సంస్థలు ఇలాంటప్పుడు వాడే మందు చాప్టర్‌ని మూసెయ్యడం. ఎన్నాళ్లు? సాధారణంగా నాలుగేళ్లకు అటూ ఇటూ. ఉన్న సభ్యులంతా పట్టాలు తీసుకుని వెళ్లిపోయేంత వరకన్నమాట. ఆ అలవాట్లు తెలిసిన చివరి విద్యార్థి గడప దాటాక కొత్తవాళ్లతో మళ్లీ మొదలుపెడతారు. అయితే తిరిగి తెరవడానికి డబ్బు, ఇల్లు, పలుకుబడి కావాలి. వాటి కోసం వెళ్లేది మళ్లీ పాత సభ్యుల దగ్గరికే.

ఇల్లు లేని బంధం

ఇంటి చుట్టూ తిరగని నమూనా ఒకటి పక్కనే ఉంది. తెల్లవాళ్ల సంఘాలు రానివ్వని రోజుల్లో నల్లజాతి విద్యార్థులు సొంతంగా పెట్టుకున్నవి తొమ్మిది, 'డివైన్ నైన్' అని పిలుస్తారు. 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా, 1908లో హోవర్డ్‌లో ఆల్ఫా కప్పా ఆల్ఫా, ఆ తర్వాత మిగతావి. వీటికి భవంతులు తక్కువ. బదులుగా ఊరూరా పట్టభద్రుల చాప్టర్లు ఉంటాయి. డిగ్రీ అయ్యాక కూడా చేరొచ్చు. చందా కడుతూ, నెలనెలా సమావేశాలకు వస్తూ, డెబ్భై ఏళ్లకీ యాక్టివ్‌గా ఉండేవాళ్లు అక్కడ మామూలే. కాలేజీ శాఖ ఆ చెట్టుకు ఒక కొమ్మ.

దీని సత్తా వాషింగ్టన్‌లో రాతి రూపంలో చూడొచ్చు. మార్టిన్ లూథర్ కింగ్ 1952లో బోస్టన్‌లో చదువుకునేటప్పుడు ఆల్ఫా ఫై ఆల్ఫాలో చేరారు. ఆయనకు రాజధానిలో స్మారకం కట్టాలని ఆ సంఘం 1984లో ప్రతిపాదించింది, 1996లో కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది, 2011లో అది తెరుచుకుంది. ఇరవై ఏడేళ్లు పట్టు వదలకుండా ఒక పని వెంట తిరగడం నాలుగేళ్లకోసారి ఖాళీ అయ్యే గుంపు వల్ల కాదు. హేజింగ్ మరకలు మాత్రం వీటికీ ఉన్నాయి. కొత్తవాళ్లను కొంతకాలం పరీక్షలో ఉంచే పాత 'ప్లెడ్జింగ్' పద్ధతిని 1990లో ఇవి అధికారికంగా వదిలేశాయి.

మనవాళ్ల పిల్లలు ఎక్కువగా కనిపించేది మూడో రకంలో. 1965 వలస చట్టం తర్వాత వెళ్లిన దక్షిణాసియా కుటుంబాల పిల్లలు 1990ల్లో కాలేజీ వయసుకు వచ్చి సొంత సంఘాలు పెట్టుకున్నారు. 1994లో బింగ్‌హాంటన్‌లో అయోటా నూ డెల్టా, 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, అదే ఏడాది అక్కడే అమ్మాయిలకు కప్పా ఫై గామా, 1999లో లాస్ ఏంజిలిస్‌లో బీటా కై థీటా. పాత తరం అన్నవాళ్ల వయసే ఇంకా యాభై దగ్గర. వందేళ్ల కాంపొజిట్లు లేవు, చాలావాటికి ఇల్లూ లేదు. అందువల్ల పాత సభ్యుల బలం ఇటుకల్లో కాక ఫోన్ నంబర్లలో ఉంది.

అమెరికా తెలుగువాళ్లకు వేరే రకం పూర్వ విద్యార్థి బంధం ముందు నుంచీ ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్ల సంఘం, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగానికి భవనం కట్టడానికి నిధులు ఇచ్చింది. అక్కడ బంధం కాలేజీతో, దాని ఆసుపత్రికి వచ్చే రోగులతో. ఫ్రాటర్నిటీ విరాళం ప్రధానంగా ఆ ఇంట్లో ఉండబోయే తమవాడికే వెళ్తుంది. నిర్మాణం వరకు చూస్తే దానికి దగ్గర పోలిక మన సామాజికవర్గాల హాస్టళ్లు. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ లాంటివి. పెద్దల కమిటీ, భవనం, ఏటా మారే పిల్లలు. కాకపోతే హాస్టల్లో ప్రవేశం ఎక్కువగా పుట్టుకతో, ఫ్రాటర్నిటీలో సభ్యుల ఓటుతో. లెగసీ పద్ధతి గుర్తుంటే ఆ తేడా కూడా అనుకున్నంత పెద్దదేం కాదు.

కొత్త చట్టం ఎంతవరకు

2024 డిసెంబరులో అమెరికాలో స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం వచ్చింది. ఫెడరల్ నిధులు తీసుకునే కాలేజీలు హేజింగ్ ఘటనల లెక్కను వార్షిక భద్రతా నివేదికలో చేర్చాలి. దానికి తోడు, విచారణలో తప్పు తేలిన సంఘాల పేర్లు, ఏం జరిగింది, ఏ శిక్ష పడింది అన్న వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. బాధితుల పేర్లు ఉండవు. ఆ వివరాలు ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అక్కడే ఉండాలి.

ఐదేళ్లంటే ఒక బ్యాచ్ ఆయుష్షు కంటే ఏడాది ఎక్కువ. ఇప్పటిదాకా చాప్టర్ గతం కావాలంటే చాప్టర్ గోడనో పాత సభ్యుడినో అడగాలి, వాళ్లు చెప్పింది వినాలి. ఇప్పుడు చేరబోయే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు బిడ్‌కి సరే అనేముందు కాలేజీ పేజీ తెరిచి చూసుకోవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీలూ చూస్తాయి. ప్రీమియం పెరిగితే ఆ భారం ఇంటి అద్దెలోకి, అక్కడి నుంచి హౌస్ కార్పొరేషన్ పద్దులోకి వస్తుంది. పాత సభ్యులను కదిలించే దారి బహుశా అదే.

చట్టంలో ఒక సందు ఉంది. సంఘాల పేర్లు బయటపెట్టే ఆ జాబితా, కాలేజీ స్థాపించిన లేదా గుర్తించిన సంఘాలకే వర్తిస్తుంది. బౌల్డర్‌లో, డ్యూక్‌లో, సదరన్ కాలిఫోర్నియాలో గుర్తింపు వదులుకుని బయటికి వెళ్లిన సంఘాల పేర్లు అందులో ఉండవు. ఇంటి గుమ్మం మీద గ్రీకు అక్షరాలు అవే, లోపల కాంపొజిట్లు అవే, ఏటా ఆగస్టులో తలుపు తట్టే కుర్రాళ్లూ అదే కాలేజీ వాళ్లు.